బాబాయ్ మాట గురించి

ఒరే జగ్గూ,

నీ ఉత్తరం అందింది. బాబాయ్‌కి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ పడిపోయింది, మాటా పోయింది అని రాశావు. ఆ రెండూ జంటగా రావడం మామూలే. కుడిచేతిని నడిపేదీ, చాలామందికి మాటలు పేర్చిపెట్టేదీ మెదడు ఎడమ భాగమే. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు, ‘టాన్’ అని తప్ప ఇంకోటి పలకలేని రోగి చనిపోయాక మెదడు చూస్తే దెబ్బ అక్కడే కనిపించింది. దీన్ని అఫేసియా అంటారు. నాలుక కాదు, మాట దొరకడం దగ్గర చిక్కు. అందుకని వస అరగదీసి నాకించమనేవాళ్లకి ఓ దణ్ణం పెట్టి పంపెయ్. నీళ్లు తాగుతుంటే పొలమారితే మాత్రం ముందు డాక్టరుకి చూపించు.

రోజూ చేయించేది చెబుతా. టీవీ కట్టెయ్. చెంబు ఆయన ఎడమచేతికిచ్చి దాని పేరు చెప్పమను. మనసులో పది లెక్కపెట్టు. ఈలోపే పిన్ని ‘చెంబు’ అని అందించేస్తుంది చూడు, పాడయ్యేది అక్కడే! రాకపోతే ‘నీళ్లు ముంచుకునేది’ అను. అప్పటికీ రాకపోతే ‘బకెట్టూ...’ అని సాగదీసి వదిలెయ్. తరవాత ‘చెం...’ అను. చివరికి నువ్వే చెప్పి ఆయనచేత అనిపించు. ఆరు వస్తువులు, పూటకి పావుగంట చాలు. అలిసిపోతే మాట ఇంకా దూరం జరుగుతుంది.

‘మంచినీళ్లు’ అనాల్సింది ‘పాణి’ అంటున్నారని బెంగెందుకురా? పర్లాకిమిడి బజార్లో అన్నేళ్లు ఒడియాలో బేరాలాడిన మనిషి, ఏది ముందు దొరికితే అదే అంటారు. నీళ్లివ్వు, తెలుగులో చెప్పమని నిలబెట్టకు. బరంపురం తీసుకెళితే స్పీచ్ థెరపిస్టుని రెండు భాషల్లోనూ పరీక్షించమను. ఒడియాలోనే చూస్తే సగమే తెలుస్తుంది.

అన్నిటికీ ‘ఊ’ అంటున్నారన్నావు కదా, ‘మీది విశాఖపట్నమా?’ అని అడిగి చూడు. దానికీ ఊ అంటే ఆ ఊ మీద ఆధారపడకు. టీ గ్లాసూ మజ్జిగ గ్లాసూ ఎదురుగా పెట్టి చూపించమను.

భజనలో చరణం అందుకుంటున్నారు, మాట్లాడమంటే మొండికేస్తున్నారు అని మీ అన్నయ్య అనుమానం. మొండితనం కాదు. పాటకి మెదడు కుడి భాగమూ సాయం పడుతుంది. 1973లో బోస్టన్ డాక్టర్లు దీన్నే చికిత్సగా రాశారు. ఆయన ఎడమచెయ్యి పట్టుకుని అక్షరానికో తట్టు తట్టు: కా-ఫీ-కా-వా-లి. రెండే స్వరాలు, ఒకటి పైన, ఒకటి కింద. ముందు కూనిరాగం, తరవాత కలిసి పాడటం, తరవాత నువ్వు మధ్యలో ఆగిపోవడం. ఆయనే పూర్తిచేస్తుంటే రోజురోజుకీ రాగం తగ్గించు. మనం చెప్పింది అర్థమవుతూ మాట పెగలనివాళ్లకే ఇది బాగా నప్పుతుంది.

ఆ అఆల పుస్తకం ఎవరు కొనిచ్చారో గానీ అటక మీద పడెయ్. దాని బదులు మనవల ఫోటోలూ, కొట్టు ఖాతా పుస్తకమూ ముందు పెట్టు.

నీ
రాజు