కొత్త వెర్షన్ ముందు డెవలప్‌మెంట్ డేటాబేస్‌లోకి రావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

కాలేజీల డేటాబేస్‌లు చూసుకునే వృత్తిలో ఉన్నవాడిగా ఒక విషయాన్ని యాజమాన్యాల దృష్టికి తేదలచాను. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మైఎస్‌క్యూఎల్ పాత వెర్షన్ 5.7కు భద్రతా సవరణలు 2023 అక్టోబరుతో ఆగిపోయినా, ప్రవేశాలను, ఫీజుల లెక్కలను ఇంకా దానిమీదే నడుపుతున్న కాలేజీలు నాకు ఎదురవుతూనే ఉన్నాయి. వాటిలో కొన్ని ఇప్పుడు 8.0కు, అక్కడి నుంచి 8.4కు మారడానికి సిద్ధపడుతున్నాయి, సంతోషమే. అయితే ప్రోగ్రామర్లు పనిచేసుకునే డెవలప్‌మెంట్ డేటాబేస్‌ను పాత వెర్షన్‌లోనే వదిలేసి, సెలవు రోజు చూసుకుని నేరుగా అసలు సర్వర్‌నే మార్చేద్దామనుకోవడం ప్రమాదకరం.

మన రెండు రాష్ట్రాల్లో ప్రవేశాల పట్టిక అంటే అందులో ‘ర్యాంక్’ అనే కాలమ్ ఉండి తీరుతుంది. 8.0లో ఆ మాట డేటాబేస్ తనకోసం కేటాయించుకున్న పదాల్లో చేరింది. దాంతో ఆ కాలమ్ పేరును విడిగా రాసిన క్వెరీ, అంటే డేటాబేస్‌ను సమాచారం అడిగే ఆదేశం, సింటాక్స్ ఎర్రర్‌తో (రాత తప్పన్న సందేశంతో) ఆగిపోతుంది. పట్టిక పేరు, చుక్క, ఆపైన ర్యాంక్ అని రాసిన క్వెరీ మాత్రం ఎప్పటిలాగే నడుస్తుంది. ఒకే ప్రోగ్రాంలో ఒక పేజీ బాగానే ఉండి, పక్క పేజీ తెరుచుకోదు. ఇదైనా నయం, తప్పు కంటికి కనిపిస్తుంది. మరో మార్పు అలా కాదు. 5.7లో క్వెరీలో గ్రూప్ బై (వివరాలను గుంపులుగా కూర్చమనే మాట) అని రాస్తే ఫలితాలు వరుసక్రమంలో కూడా వచ్చేవి, 8.0 ఆ ఏర్పాటును తీసేసింది. బ్రాంచీలవారీ బకాయిల నివేదిక వరుస తప్పి వచ్చినా ఎర్రర్ ఏదీ రాదు, పాత వరుసను నమ్ముకుని రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి సరిచూసే గుమాస్తా ఒకరి బాకీని మరొకరి పక్కన టిక్కు పెట్టే అవకాశం ఉంది. వరుసక్రమాన్ని కోరే ఆర్డర్ బై అనే మాట చేరిస్తే పోయే లోపమే, కానీ ఎక్కడెక్కడ చేర్చాలో నడిపి చూస్తేనే తెలుస్తుంది. మైఎస్‌క్యూఎల్ షెల్ అనే ప్రోగ్రాంలో అప్‌గ్రేడ్‌కు ముందు తనిఖీ చేసే సాధనం ఉంది, దాన్ని తప్పక వాడాలి. అయితే అది డేటాబేస్‌లో ఉన్నవాటినే చూస్తుంది తప్ప, ప్రోగ్రాం తాలూకు పీహెచ్‌పీ ఫైళ్లలో రాసుకున్న క్వెరీలను చదవదు.

పైగా 8.0కు మారిన డేటాను తిరిగి 5.7కు దించే మార్గం లేదు. మార్పుకు ముందు తీసిన బ్యాకప్‌ను ఎక్కించుకుని, ఆ తర్వాత వసూలైన ఫీజులన్నిటినీ మళ్లీ నమోదు చేయాల్సిందే.

అందుకే తాజా బ్యాకప్‌ను ముందు డెవలప్‌మెంట్ సర్వర్‌లో ఎక్కించి, అక్కడ వెర్షన్ మార్చాలి. బ్యాకప్ పనికొస్తుందో లేదో కూడా అప్పుడే తేలుతుంది. అయితే ఆ కాపీలోని విద్యార్థుల ఫోన్ నంబర్లను, ఆధార్ సంఖ్యలను మార్చేశాకే ప్రోగ్రామర్లకు అందించాలి; పరీక్షించడానికి పిల్లల అసలు వివరాలు ఎవరికీ అవసరం లేదు.

కౌన్సెలింగ్ మొదలయ్యాక ఈ పనికి తీరిక దొరకదు. అంతకు ముందే, ఫీజు రసీదు నుంచి టీసీ దాకా ప్రతి పేజీనీ కార్యాలయ సిబ్బంది చేతే డెవలప్‌మెంట్ సర్వర్‌పై నడిపించి చూసేందుకు యాజమాన్యాలు తగిన గడువు ఇవ్వాలని కోరుతున్నాను.

– ఒక డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్, హైదరాబాద్