మత స్వేచ్ఛ పాఠంలో బాక్స్‌టర్‌కు చోటివ్వాలి

సంపాదకుల వారికి, నమస్కారములు.

పదవీ విరమణ చేసినా, పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలకు నేను ఇంకా చరిత్ర చెబుతూనే ఉన్నాను. 1689 అనగానే వారు హక్కుల బిల్లు అంటారు. బాగా చదివినవారు, అధికారిక చర్చిలో చేరని ప్రొటెస్టెంట్లకు వేరుగా ఆరాధించే వీలు కల్పించిన సహన చట్టం పేరు కూడా చేరుస్తారు. అంతకు ముందు ఇంగ్లండులో ఏం జరిగిందని అడిగితే మాత్రం, పదహారో శతాబ్దంలో మేరీ రాణి కాలంలో మనుషులను సజీవంగా దహనం చేశారని చెప్పి అక్కడితో ఆగిపోతారు. ఇందులో పిల్లల తప్పు లేదు, ఆ మధ్య కాలాన్ని రెండు వాక్యాల్లో దాటించింది మా ఉపాధ్యాయులమే. మత పీడన అంటే మంటలూ ఉరికొయ్యలూ మాత్రమేనని నమ్మి పెరిగినవారు, జరిమానాలతోనూ జప్తులతోనూ పొరుగువాడి ఫిర్యాదుతోనూ సాగే పీడనను కళ్లెదుట చూసినా గుర్తుపట్టలేరు. అందుకే పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులోని రిచర్డ్ బాక్స్‌టర్ అనే సంఘ కాపరి జీవితాన్ని మన చరిత్ర పాఠాల్లోకి, మీ పత్రిక విద్యార్థుల పేజీలోకి తీసుకురావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

1615లో పుట్టిన బాక్స్‌టర్ కిడ్డర్‌మిన్‌స్టర్ అనే నేతపనివారి ఊరిలో ఏళ్ల తరబడి బోధకుడిగా ఉన్నాడు. అక్కడి నేతగాళ్లు మగ్గం ముందు పుస్తకం నిలుపుకొని నేస్తూనే చదువుకొనేవారని ఆయనే రాసుకున్నాడు. వచ్చే జనం పట్టక చర్చిలో అదనంగా అయిదు గ్యాలరీలు కట్టవలసి వచ్చింది. 1660లో రెండవ చార్లెస్ రాజు ప్రవాసం నుంచి తిరిగి వచ్చాక హెర్‌ఫర్డ్ బిషప్పు పదవి ఇస్తామంటే ఆయన వద్దన్నాడు. జీతం లేకపోయినా సరే, తన పాత ఊరిలో బోధించనిమ్మని అడిగితే అందుకు అనుమతి రాలేదు.

1662 నాటి ఏకరూపతా చట్టం ప్రతి బోధకుడూ ఇంగ్లండు అధికారిక చర్చి ప్రార్థనా గ్రంథంలోని ప్రతి అక్షరానికీ మనస్ఫూర్తిగా సమ్మతిస్తున్నానని బహిరంగంగా ప్రకటించాలని శాసించింది. ఆ గ్రంథంలో ఉన్నదంతా బాక్స్‌టర్‌కు గిట్టనిదేమీ కాదు, చాలావరకు సర్దుకుపోవచ్చుననే ఆయన అభిప్రాయం. కాని మనసు ఒప్పని మాటను ఒప్పిందని చెప్పడం ఆయనకు చేతకాలేదు. ఆయనలాంటి వారు దాదాపు రెండు వేల మంది ఆ రోజుల్లో జీవనోపాధిని వదులుకొని బయటకు నడిచారు.

ఆ తరువాత వచ్చిన చట్టాలనే పిల్లలు శ్రద్ధగా చదవాలి. ఇంటివారు కాక అయిదుగురు లేదా అంతకు మించి కలిసి అధికారిక పద్ధతికి భిన్నంగా ప్రార్థించడం 1664 నుంచి నేరమైంది. నిర్దేశించిన ప్రమాణం చేయని బోధకుడు తాను పూర్వం బోధించిన ఊరికీ, మునిసిపల్ హోదా ఉన్న ఏ పట్టణానికీ అయిదు మైళ్ల లోపుకు రాకూడదని 1665 చట్టం ఆదేశించింది. ఇక 1670 చట్టం వినేవారికి తలకు 5 షిల్లింగులు, బోధకుడికి 20 పౌండ్లు, ఇల్లు ఇచ్చినవారికి 20 పౌండ్లు జరిమానా వేసి, వసూలైన దానిలో మూడో వంతు సమాచారం ఇచ్చినవాడికి ముట్టజెప్పింది. పౌండుకు ఇరవై షిల్లింగుల చొప్పున మా పిల్లల చేత ఒక లెక్క చేయిస్తుంటాను: ఒక ఇంట్లో ఇరవై మంది కూడితే మొత్తం జరిమానా 45 పౌండ్లు, అందులో ఫిర్యాదుదారు వాటా 15 పౌండ్లు. కూలివాడికి రోజుకు ఒక షిల్లింగు అటూ ఇటుగా దొరికే కాలంలో అది దాదాపు ఏడాది సంపాదన. అంత సొమ్ము ఎదురుగా పెట్టినప్పుడు గోడకు చెవి ఆనించి వినే పొరుగువాడు ప్రతి వీధిలోనూ పుట్టుకొస్తాడు. ఈ లెక్క పూర్తయ్యాక తరగతి కాసేపు నిశ్శబ్దమవుతుంది.

బాక్స్‌టర్ లండన్ దగ్గరి యాక్టన్‌లో కాపురముంటూ, ఊరి చర్చికి తానూ వెళుతూనే, ఆరాధనల మధ్య వేళలో తన ఇంట్లో బోధించేవాడు. దానికే 1669లో క్లర్కెన్‌వెల్ జైలుకు పంపారు. ఆయన భార్య మార్గరెట్ ఇంట్లోని మంచి పరుపుతో సహా వెంట వెళ్లి జైలులోనే కాపురం పెట్టింది; అక్కడున్నంత ఉల్లాసంగా ఆమె మరెక్కడా లేదని ఆయన తరువాత గుర్తుచేసుకున్నాడు. వారంటు రాతలో దోషం ఉందని తేలడంతో విడుదల దొరికింది. 1681లో ఆమె మరణించింది. మరుసటి ఏడాది అయిదు ప్రసంగాలు చేశాడని 195 పౌండ్లకు జప్తు చేసి పుస్తకాలనే కాక, జబ్బుతో పడుకొని ఉన్న మంచాన్ని కూడా పట్టుకుపోయారు. 1685లో, అరవై తొమ్మిదేళ్ల వయసులో, కొత్త నిబంధనకు తాను రాసిన వ్యాఖ్యానంలో బిషప్పులను నిందించాడన్న అభియోగంపై జడ్జి జెఫ్రీస్ ముందు నిలబడ్డాడు. జ్యూరీ కూర్చున్న చోటు నుంచి లేవకుండానే దోషి అన్నది. జరిమానా కట్టేదాకా నిర్బంధమన్న తీర్పుతో ఏడాదిన్నర గడిచింది.

ఆయనను మహాత్ముడిగా నిలబెట్టమని నేను అనడం లేదు. కాథలిక్కులకూ, క్వేకర్లు అనే మరో క్రైస్తవ శాఖ వారికీ తనకు కావలసినంత స్వేచ్ఛ ఉండాలని ఆయన కోరలేదు. 1689 సహన చట్టం కూడా కాథలిక్కులను బయటే ఉంచింది. ఈ కొరతను దాచకుండా చెప్పినప్పుడే పాఠం నిజాయతీగా ఉంటుంది.

క్రైస్తవుల అంతర్గత తగాదా మనకెందుకని ఒక మిత్రుడు అడిగారు. పీడించినవారూ పీడనకు గురైనవారూ ఒకే బైబిలు చదివిన ప్రొటెస్టెంట్లే కావడం వల్లనే ఈ కథ మనకు పనికివస్తుందని నా సమాధానం. పైగా తెలుగుకూ దీనికీ బంధం ఉంది. 1814లో తెలుగు వ్యాకరణం ప్రచురించిన విలియం కేరీ బాప్టిస్టు, అంటే బాక్స్‌టర్ లాగే అధికారిక చర్చికి వెలుపల నిలిచిన అసమ్మతి సంప్రదాయంలోని వాడే. 1805లో విశాఖపట్నం వచ్చి సువార్తల తెలుగు అనువాదానికి పూనుకున్న లండన్ మిషనరీ సొసైటీ వారి వెనుకా ఆ సంప్రదాయమే ఉంది. వారి స్వదేశమైన ఇంగ్లండులో అసమ్మతి వాదులను ప్రభుత్వ పదవులకు దూరంగా ఉంచిన చట్టాలు రద్దయింది 1828లో.

పాఠ్యపుస్తకాలు తయారుచేసే పెద్దలు 1689 పక్కన బాక్స్‌టర్‌కు ఒక పుట కేటాయించాలని, అంతవరకు మీ పత్రిక విద్యార్థుల పేజీలో 1670 చట్టంలోని జరిమానాల పట్టికను తెలుగులో ప్రచురించాలని మనవి. ఆ ఇరవై మంది లెక్కను పిల్లలు తమంతట తాము చేసి చూసుకోగలరు.

భవదీయుడు,
విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు, తెనాలి