సూర్యాపేట దగ్గర బండి బాగుచేసిన అన్నకు

అన్నా, హడావిడిలో మీ పేరు అడగడం మర్చిపోయాను. మా పాత డీజిల్ బండికి ఏడాదిలో రెండు క్యామ్ సెన్సార్లు (ఇంజన్‌లో క్యామ్‌షాఫ్ట్ ఏ స్థితిలో ఉందో బండి కంప్యూటర్‌కు చెప్పేవి) మార్పించాను. అయినా ఇంజన్ వేడెక్కితే చాలు, చెక్ లైటు, అదే పి0340 కోడు (క్యామ్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపమని), ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. మీరు మూడోది కొనమనలేదు. ప్లగ్గు ఊడదీసి మల్టీమీటర్ పెట్టారు. 5 వోల్టులు వస్తున్నాయి, ఎర్తూ బాగుంది. సిగ్నల్ వైరును వేలితో వంచగానే మాత్రం, వైరు తెగలేదని చెప్పే మీటర్ బీప్ ఆగిపోయింది. కనెక్టర్ వెనక అదిరి అదిరి లోపల రాగి తెగిందట, పైతొడుగు నిక్షేపంగా ఉంది! టంకం వేసి, స్లీవు తొడిగి, వైరు ఊగకుండా క్లిప్పు కట్టారు. టీ డబ్బులు కూడా తీసుకోలేదు. రెండు నెలలైంది, లైటు మళ్లీ వెలగలేదు. చాలా థ్యాంక్స్ అన్నా. తీసేసిన సెన్సార్లు రెండూ డిక్కీలోనే ఉన్నాయి, బహుశా రెండూ మంచివే.