పేతురుని అడిగిన ప్రశ్నే మనల్నీ అడిగితే

ఒరేయ్,

వందనాలు. నీ ఉత్తరం అందింది. "పాటలు పాడుతున్నాను, ప్రార్థన చేస్తున్నాను, కానీ దేవుణ్ణి నిజంగా ప్రేమిస్తున్నానా అని అనుమానంగా ఉంది" అని రాశావు. ప్రేమ లేనివాడికి ఆ బెంగ ఎందుకొస్తుందిరా? ఆ టెన్షన్ పెట్టుకోకు. అయితే ప్రశ్న మాత్రం పెద్దది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఈ విషయంలో నాకు దారి చూపేది యోహాను సువార్త 21వ అధ్యాయం. యేసు శిష్యుడు పేతురు, తోటి శిష్యులు కొందరు రాత్రంతా వలలు వేసినా ఏమీ పడలేదు. తెల్లారాక యేసు చెప్పినవైపు వేస్తే 153 పెద్ద చేపలు. ఒడ్డున నిప్పులు, వాటి మీద చేపలు, పక్కన రొట్టె. అంతకుముందు యేసుని బంధించిన రాత్రి, ఆయనెవరో నాకు తెలీదని పేతురు బొంకినప్పుడు కూడా నిప్పులున్నాయి, వాటి దగ్గరే చలి కాచుకుంటూ నిలబడ్డాడు. అలాంటివాణ్ణి "ఎందుకలా చేశావు" అని నిలదీయడం ఎంత తేలిక! యేసు అది అడగలేదు. ముందు తిండి పెట్టాడు. తర్వాత "నన్ను ప్రేమిస్తున్నావా" అని మూడుసార్లు అడిగాడు. పేతురు అవునన్న ప్రతిసారీ ఒకటే పని అప్పగించాడు: నా గొర్రెల్ని చూసుకో.

నేను మళ్ళీ మళ్ళీ ఆగేది ఇక్కడే. పేతురు మనసులో ఏముందో ఆయనకు తెలుసు. అయినా నోటితో చెప్పించుకున్నాడు. అంటే మన స్తుతి, మన పాట, "ప్రభువా, నువ్వంటే నాకిష్టం" అనే చిన్న మాట ఆయనకు వట్టివి కావు. అలాగని మాట దగ్గర ఆపేయనూ లేదు. పోనీ అప్పజెప్పిన పని ఆయన సొంత అవసరమా అంటే, కాదు, గొర్రెల అవసరం. ఆకలైనా మీతో చెప్పనంటాడు దేవుడు 50వ కీర్తనలో. ఆయనకు మనం తీర్చే లోటేముంది? అందుకే మన ప్రేమని పక్కవాడి వైపు మళ్ళిస్తాడు. కళ్ళముందున్న సహోదరుణ్ణి ప్రేమించనివాడు కనబడని దేవుణ్ణి ఎలా ప్రేమిస్తాడని యోహాను తన పత్రికలో, అంటే ఉత్తరంలో, అడిగింది ఇందుకే.

యాకోబు తన పత్రికలో ఇంకా సూటిగా అంటాడు. కట్టుకోవడానికి లేనివాడితో "వెచ్చగా ఉండు, కడుపునిండా తిను" అని చెప్పి పంపేస్తే ఏం లాభమని. మన రోజుల్లో ఆ మాటకి సమానం "నీ కోసం ప్రార్థన చేస్తాలే". ఎంత సులువుగా అనేస్తామో! మా సంఘంలో ఒక పెద్దావిడ ఉంది. ఎవరైనా బాధ చెప్పుకుంటే "చేస్తాను" అనదు, అక్కడే చెయ్యి పట్టుకుని చేస్తుంది. తర్వాత బైబిల్లో పెట్టుకున్న చిన్న కాగితం తీసి పేరు, ఆపరేషన్ తేదీ రాసుకుంటుంది. ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేస్తుంది. "ఎవరు తోడున్నారు? పిల్లల్ని ఎవరు చూస్తున్నారు?" అని అడుగుతుంది. ఎవరూ లేరంటే తనే వెళ్తుంది. ఆవిడ మాటెక్కడ అయిపోయిందో, పనెక్కడ మొదలైందో నాకు ఎప్పుడూ తెలీదు.

నోటి సంగతి కూడా చెప్పాలి. దేవుణ్ణి స్తుతించే నాలుకతోనే ఆయన పోలికలో పుట్టిన మనుషుల్ని శపిస్తున్నామని యాకోబు బాధపడ్డాడు. కానుక ఇవ్వడం కన్నా ఇదే కష్టమని నా అభిప్రాయం. ఇచ్చే చేతిని నలుగురూ చూస్తారు. ఇంట్లో కోపం వచ్చినప్పుడు మింగేసిన మాటని దేవుడు తప్ప ఎవరూ చూడరు. ఆయన మీద ప్రేమతో ఆ మాట మింగితే అదీ ఆరాధనేరా.

అయితే సేవ ఒక్కటి చాలు, మిగతాదంతా దండగ అనుకోకు. బేతనియ అనే ఊళ్ళో లాజరు సోదరి మరియ యేసు మీద ఖరీదైన అత్తరు పోసినప్పుడు, 300 దేనారాలకి అమ్మి బీదలకి ఇవ్వచ్చు కదా అన్నారు. ఒక దేనారం అంటే అప్పట్లో కూలివాడి రోజు కూలి. దాదాపు ఏడాది సంపాదన! యేసు ఆమెనే వెనకేసుకొచ్చాడు. ఏ లెక్కా లేకుండా ఊరికే ఆయన దగ్గర కూర్చునే సమయం కూడా ప్రేమే. నువ్వు పొద్దున్నే పాడుకునే పాటలు మానకు.

ఇక మీ అన్నయ్య విషయం. మాటలు లేవని చివర్లో ఒక్క ముక్క రాసి వదిలేశావు గానీ, నీ ప్రశ్నకి జవాబు అక్కడే ఉందేమో అనిపించింది. బలిపీఠం దగ్గర కానుక వదిలిపెట్టి ముందు వెళ్ళి సమాధానపడమన్నాడు యేసు, మత్తయి 5వ అధ్యాయంలో. తప్పు ఎవరిదో తేల్చుకుని వెళ్ళమనలేదు. నీ మీద నీ సహోదరుడికి ఏదో ఉందని గుర్తొస్తే చాలన్నాడు. ఈ వారంలో ఫోన్ చెయ్యి. పాత లెక్కలు, ఆస్తి గొడవ ఎత్తకు. ఒంట్లో ఎలా ఉందని, వదిన, పిల్లలు ఎలా ఉన్నారని అడుగు. ఆయన విసుక్కున్నా నువ్వు గొంతు పెంచకు. ఫోన్ ఎత్తకపోతే నాలుగు రోజులాగి మళ్ళీ చెయ్యి. నేనూ రోజూ మీ ఇద్దరి పేర్లు ఎత్తి ప్రార్థిస్తున్నాను. కావాలంటే నీతోపాటు వాళ్ళింటికి నేను కూడా వస్తాను, మొహమాటపడకుండా చెప్పు.

ఏమైందో రాయి.

నీ స్నేహితుడు