కరపత్రం మీద డాక్టర్ పేరేది?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం పేపరు విప్పగానే మధ్యలోంచి ఒక రంగుల కరపత్రం జారి ఒళ్లో పడింది. పెట్టింది మీరు కాదని, పేపర్ ఏజెంటుకు పైసలిచ్చి పెట్టించుకుంటారని తెలుసు. అయినా వచ్చింది మీ పేపరు మడతలోనే కాబట్టి మీకే రాస్తున్నాను. శ్రావణమాసం ఆఫర్ అట. అవాంఛిత రోమాలకు లేజర్, మంగు మచ్చలకు పీలింగ్, రంగు తేలడానికి సెలైన్, ముడతలకు ఇంజెక్షన్. కోత లేదు, కుట్టు లేదు, సైడ్ ఎఫెక్టులు అసలే లేవు. కింద ఈఎంఐ సౌకర్యం, ఫోన్ నంబరు. డాక్టర్ పేరు మాత్రం ముందూ లేదు, వెనకా లేదు.

ఫోన్ చేసి అడిగాను. "సార్ హైదరాబాద్ నుంచి వస్తుంటారు మేడమ్, మీకు ఏ రోజు బుక్ చేయమంటారు?" అంది ఒక అమ్మాయి. సార్ పేరేంటని రెండోసారి అడిగేసరికి ఫోన్ పెట్టేసింది.

నేను మిర్యాలగూడలో 17 ఏళ్లుగా బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. గిరాకీ పోతుందని ఏడుస్తోంది అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నిజమే, లేజర్ వచ్చాక పై పెదవికి థ్రెడింగ్ చేయించుకునేవాళ్లు తగ్గారు. కానీ ఆ మెషీన్ నాకు దొరకక కాదు. రెండేళ్ల కింద ఒక కంపెనీ మనిషి వచ్చి, ప్లగ్గు పెట్టడం ఒక్కటే తరువాయి అన్నట్లు మాట్లాడాడు. మూడు రోజుల ట్రైనింగ్, గోడకు తగిలించుకోవడానికి సర్టిఫికెట్, పైసలు వాయిదాల్లో. "చామనఛాయ వాళ్లకు ఎంత పెట్టాలి, బాగా నలుపున్న వాళ్లకు ఎంత?" అని అడిగాను. "అందరికీ ఒకటే సెట్టింగ్ మేడమ్, బటన్ నొక్కుడే" అన్నాడు. అక్కడే నాకు తేడా కొట్టింది. మామూలు బ్లీచ్ వేయాలన్నా నేను ముందు మోచేతి లోపలి వైపు చుక్క పెట్టి చూస్తాను. కలిపే పౌడరు చిటికెడు ఎక్కువైతే ముఖం ఎలా కందుతుందో చూసినదాన్ని. వద్దని చెప్పి పంపించాను.

అలాంటి మెషీనే చివరికి మా ఇంటి పిల్లకు తగిలింది. మా చెల్లెలి కూతురికి గడ్డం కింద వెంట్రుకలు ఎక్కువ. సంబంధాలు చూస్తున్నారు. నాకు చెబితే వద్దంటానని చెప్పకుండా నల్లగొండ వెళ్లి, ఒక క్లినిక్‌లో ఆరు సిట్టింగుల ప్యాకేజీకి డబ్బు కట్టారు. రెండో సిట్టింగ్ అయిన మర్నాడు పిల్ల చున్నీ కప్పుకొని నా దగ్గరకు వచ్చింది. చున్నీ తీస్తే దవడ వెంట నలుచదరపు మచ్చలు, ఒకదాని పక్కన ఒకటి, ఇటుకలు పేర్చినట్లు. మెషీన్ మూతి ఎంతో మచ్చ అంతే. అంచులు స్కేలు పెట్టి గీసినట్లున్నాయి. చెవి దగ్గర రెండు చోట్ల నీటి పొక్కులు. "మంట పుడుతుందని చెప్పిన పెద్దమ్మా. కొంచెం ఓర్చుకో, అందరికీ గట్లనే ఉంటదన్నది ఆమె" అని ఏడ్చింది. క్లినిక్‌కు ఫోన్ చేస్తే కలబంద జెల్ రాయమన్నారు, మూడో సిట్టింగ్ మాత్రం తప్పించొద్దన్నారు!

నల్లగొండ గవర్నమెంట్ దవాఖానలో స్కిన్ ఓపీకి తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. లేజర్‌కు వెంట్రుక, చర్మం అని తెలియదట, నలుపు ఎక్కడుంటే అక్కడ వేడి పుట్టిస్తుందట. వెంట్రుకలోని మెలనిన్, అంటే నల్లరంగునిచ్చే పదార్థం, ఆ కాంతిని పట్టుకుని వేడెక్కితే కుదురు దెబ్బతింటుంది. అదే మెలనిన్ మన చర్మంలోనూ ఉంది కదా, కొలత తెలియని చేతిలో పడితే చర్మమే కాలుతుంది. తెల్లటి చర్మానికి సరిపోయే సెట్టింగ్ మన ఛాయకు పనికిరాదు. మనలాంటి వాళ్లకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్ మేలట, పైపొరలోని నలుపుకు ఆ కాంతి తక్కువ చిక్కుతుందట. అయినా ముందు ఒక చిన్నచోట కొట్టి, కొన్ని రోజులు ఆగి చూసిన తర్వాతే మిగతాది. అంటే నేను మోచేతి మీద పెట్టే బ్లీచ్ చుక్కలాంటిదే! మా పిల్లకు ఆ మాత్రం కూడా చేయలేదు.

ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. నెలసరి సరిగ్గా వస్తోందా అని. రావడం లేదు. పరీక్షలు చేయిస్తే పీసీఓడీ, అంటే అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల తేడా అని తేలింది. లోపల హార్మోన్లు అలా ఉంటే పైన ఎన్నిసార్లు లేజర్ కొట్టినా కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయట. ఆరు సిట్టింగుల పైసలు ముందే లెక్కపెట్టుకున్నవాళ్లకు ఈ ఒక్క ప్రశ్న తట్టలేదు.

ఇంత చెబుతున్న నేనూ మచ్చలేనిదాన్ని కాదు. పార్లర్ పెట్టిన కొత్తలో మంగుకు మెడికల్ షాపులో దొరికే ఒక ట్యూబు పేరు చెప్పి పంపేదాన్ని. నాట్లకు, పత్తి ఏరడానికి ఎండలో తిరిగే ఆడవాళ్ల బుగ్గల మీద మంగు కమ్మితే, ఈ ట్యూబుతో రెండు వారాల్లో ముఖం తేలేది. నా పేరు చెప్పుకుని మరో నలుగురిని తీసుకొచ్చేవాళ్లు. ఆపితే మంగు మళ్లీ ముదిరేది. ఒకామెకు ముఖమంతా ఎర్రబడి, పొయ్యి ముందు నిలబడలేని మంట వచ్చింది. అందులో స్టెరాయిడ్ ఉందని నాకు అప్పుడు తెలిసింది. ఆమె ఇప్పటికీ బజారులో ఎదురైతే పలకరిస్తుంది, నాకే తల దించుకోవాలనిపిస్తుంది. ఇలాంటి 14 స్టెరాయిడ్ పూత మందులను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం చెప్పింది. పోయిన నెల పరీక్షగా మెడికల్ షాపులో ఒక ట్యూబు పేరు చెప్పాను. చీటీ అడగలేదు, "పెద్దదా చిన్నదా?" అని మాత్రం అడిగారు.

ఇక సెలైన్ల సంగతి. రంగు తేలుతుందని ఎక్కించేది గ్లూటాథయోన్. చర్మం తెల్లబరచడానికి ఆ ఇంజెక్షన్‌కు మన దేశంలో అనుమతే లేదు. ముడతలకు వేసే బోటాక్స్ ఇంజెక్షన్ అలా కాదు, తెలిసిన చేతిలో మంచి మందే. కండరాన్ని కొన్నాళ్లు సడలిస్తుంది, మూడు నాలుగు నెలలకు ముడత మళ్లీ కనిపిస్తుంది. తెలియని చేతిలో రెప్ప వాలుతుంది. నాకు భయం వేసేది ఫిల్లర్లు, అంటే నిండుగా కనపడాలని చర్మం కింద సూదితో ఎక్కించే జెల్. రీల్స్ చూసి పెదవులు నిండుగా కావాలని, ముక్కు నిలబడాలని ఇంటర్ పిల్లలు వచ్చి అడుగుతున్నారు. ఆ జెల్ దారి తప్పి రక్తనాళంలోకి పోతే అక్కడి చర్మం చచ్చుబడుతుంది, చూపు పోయినవాళ్లూ ఉన్నారు. కరిగించే మందు హయలురోనిడేజ్ అప్పటికప్పుడు ఇవ్వాలి. (ఈ పేరు నేను కాగితం మీద రాసుకొచ్చి రెండుసార్లు దిద్దుకున్నాను.) సూది పట్టేవాళ్లను ఆ మందు మీ దగ్గర ఉందా అని అడిగి చూడండి.

చట్టం లేదా అంటే ఉంది. రిజిస్టర్‌లో పేరు లేకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. వర్క్‌షాపులకు పోయి, యూట్యూబ్ వీడియోలు చూసి నేర్చుకున్న చదువు ఈ సౌందర్య చికిత్సలకు, జుట్టు మార్పిడికి చాలదని 2022లో కమిషన్ విడిగా కూడా చెప్పింది. నా గోడ మీద ఆ మూడు రోజుల సర్టిఫికెట్ ఉండి ఉంటే దాని విలువ ఎంతో లెక్క వేసుకోండి.

జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ) గారు దాడులు చేయాలని నేను రాయడం లేదు. దాడి జరిగిన రోజు షట్టర్ వేస్తారు, వారం తర్వాత వేరే బోర్డుతో తీస్తారు. డాక్టర్ పేరు, డిగ్రీ, రిజిస్ట్రేషన్ నంబరు లేని కరపత్రం ఏ పేపరు మడతలోనూ పెట్టకూడదని మీరు మీ ఏజెంట్లకు ఒక మాట చెప్పగలరు. అది మీ చేతిలో పని. ఆ నంబరు దొరికితే సరైనదో కాదో ఫోన్‌లోనే చూసుకోవచ్చు.

ముఖాల మీద ఆడపిల్లలకు ఇంత మోజెందుకని తిట్టే ఉత్తరాలు ఇదే పేజీలో చదివాను. పెళ్లిచూపులకు వచ్చి, ఛాయ్ గ్లాసు చేతిలో పట్టుకొని, "పిల్లకు గడ్డం మీద ఏంటివి?" అని అందరి ముందు అడిగిన పెద్దమనిషిని నేను చూశాను. ఆయనకు ఎవరూ ఉత్తరం రాయలేదు.

నా పార్లర్‌లో అద్దం పక్కన ఒక కాగితం అంటించాను. థ్రెడింగ్, వ్యాక్సింగ్, ఫేషియల్, మెహందీ, పెళ్లికూతురి మేకప్ చేయబడును, సూదులు, లేజర్ చేయబడవు అని. నిన్న ఒకామె అది చదివి, "అయితే అవి ఎక్కడ చేస్తరక్కా?" అని అడిగింది. కరపత్రం వెనక తెల్లగా ఉన్నచోట దవాఖాన స్కిన్ ఓపీ గది నంబరు రాసి ఇచ్చాను.

బజారులో బతకాల్సినదాన్ని, దయచేసి పేరు అచ్చు వేయకండి.

ఒక పార్లర్ నిర్వాహకురాలు, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా