పుల్ రిక్వెస్ట్ క్లోజ్ చేశారన్నావు కదా, దాని గురించి

కన్నా,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే అర్థమైంది ఏదో జరిగిందని. ఆ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌కి మూడు వారాలు కూర్చుని రాసి పంపిన పుల్ రిక్వెస్ట్‌ని (నా మార్పులు మీ కోడ్‌లో కలుపుకోండి అని అడిగేది) ప్రాజెక్ట్ చూసుకునేవాళ్ళు రెండు లైన్ల కామెంట్ పెట్టి క్లోజ్ చేసేశారు, ఫ్రీగా పని చేసిపెడతానంటే ఇన్ని రూల్సేంటమ్మా అన్నావు. ఆ కోపంలో ఏం చెప్పినా ఎక్కదని ఊరుకున్నా. రాత్రి లింక్ తెరిచి మొత్తం చదివా, పద్నాలుగు ఫైళ్ళూ. కోడ్ బాగా రాశావు రా, నిజంగా. కానీ వాళ్ళు క్లోజ్ చేయడం కూడా సబబే అనిపించింది.

మెర్జ్ అయిపోయాక, అంటే నీ కోడ్ వాళ్ళ దాంట్లో కలిసిపోయాక, నువ్వు పరీక్షలనో ఉద్యోగమనో వెళ్ళిపోతావు, దాన్ని పెంచేది వాళ్ళు. కనేసి వెళ్ళిపోయే వాళ్ళు చాలామంది వస్తారు వాళ్ళ దగ్గరికి. ఇంటర్నెట్‌లో డేటాని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో వచ్చిన హార్ట్‌బ్లీడ్ అనే లోపం గురించి చదివే ఉంటావు, అది కూడా ఎవరో మంచి మనసుతో పంపిన ఫీచర్‌లోదే, అవతలివాడు తను పంపిన డేటాకి చెప్పిన పొడవు నిజమో కాదో చూసే ఒక్క చెక్ మర్చిపోయారు, రివ్యూలో కూడా కంట పడలేదు, 2012లో 1.0.1 రిలీజ్‌తో బయటికెళ్ళి 2014 ఏప్రిల్‌లో బయటపడేదాకా సర్వర్ మెమరీలోంచి ఒక్కో రిక్వెస్ట్‌కి 64 కిలోబైట్ల దాకా లాగేసుకునే వీలు అలాగే ఉండిపోయింది. ఒక్క చెక్కే అంత పని చేస్తే నీ పద్నాలుగు ఫైళ్ళు ఒకేసారి చూసి వాళ్ళకి ఎలా ఉంటుందో ఆలోచించు.

అందులో నిజానికి మూడు పనులున్నాయి. బగ్ ఫిక్స్, ఫంక్షన్ల పేర్లు మార్చడం, కొత్త ఆప్షన్. మూడు బ్రాంచ్‌లు (కోడ్‌కి విడివిడి పాయలు) చెయ్యి, ముందు బగ్ ఫిక్స్ ఒక్కటే పంపు. కొత్త ఆప్షన్ సంగతి అయితే కోడ్ రాయకముందే వాళ్ళ పేజీలో ఇష్యూ (చర్చకి పెట్టే పోస్ట్) తెరిచి ఇది మీకు కావాలా అని అడగాల్సింది, కోడ్ పంపేవాళ్ళకి రూల్స్ రాసిపెట్టిన వాళ్ళ కంట్రిబ్యూటింగ్ ఫైల్‌లో మొదటి పేరాలోనే ఉంది ఆ మాట. వాళ్ళు వద్దంటే మూడు వారాలు మిగిలేవి నీకు.

నేను ఒక ప్రాజెక్ట్‌కి పంపిన మొదటి ప్యాచ్ (కోడ్‌లో మార్పు) ఒకే ఒక్క లైన్ ఫిక్స్. కానీ నా ఎడిటర్ సేవ్ చేసేటప్పుడు ఫైల్ మొత్తంలో ట్యాబ్‌లని స్పేస్‌లుగా మార్చేసింది, నేను డిఫ్ (ఏ లైన్లు మారాయో చూపించేది) చూసుకోకుండా పంపేశా. ఆరువందల లైన్లు ఎరుపూ పచ్చా, అందులో నా లైన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ ప్రాజెక్ట్ చూసుకునే ఆయన ఓపిగ్గా వెనక్కి పంపి, పంపేముందు నీ డిఫ్ నువ్వే పరాయివాడిలా ఒకసారి చదువు అని రాశాడు. ఇప్పటికీ అలాగే చేస్తా. నీ డిఫ్‌లో కూడా ఖాళీ లైన్లు తీసేసినవి, ఒక ప్రింట్ స్టేట్‌మెంట్ కనిపించాయి.

కమిట్ మెసేజ్‌లు, అంటే ఒక్కో మార్పు సేవ్ చేస్తూ రాసే నోట్స్, మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. "ఫిక్స్", "ఇంకో ఫిక్స్", "ఫైనల్" అని ఉన్నాయి. ఏం మారిందో డిఫ్ చెప్తుంది, ఎందుకు మార్చావో నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. మొదటి లైన్ 50 అక్షరాల్లోపు, తర్వాత ఒక ఖాళీ లైన్, ఆ కింద కారణం, ఏ పరిస్థితిలో క్రాష్ అయ్యింది, ఇంకేం దారులు చూసి వదిలేశావు అనేది రాయి. ఐదేళ్ళ తర్వాత ఎవరో గిట్ బ్లేమ్ (ఏ లైన్ ఎవరు ఏ కమిట్‌లో మార్చారో చూపే కమాండ్) కొట్టి ఆ లైన్ దగ్గరికొస్తే వాళ్ళకి దొరికేది ఆ నాలుగు వాక్యాలే. బగ్‌కి టెస్ట్ కూడా పెట్టు, నీ ఫిక్స్ తీసేస్తే ఫెయిల్ అవ్వాలి, పెడితే పాస్ అవ్వాలి, రెండూ రన్ చేసి చూడు.

కమిట్ మెసేజ్ చివర నీ పేరుతో పెట్టే సైన్డ్ ఆఫ్ బై లైన్ ఏదో ఫార్మాలిటీ అన్నావు. కాదు నాన్నా. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన కెర్నల్ రాసేవాళ్ళు 2004లో మొదలుపెట్టారు దాన్ని, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది, మీ లైసెన్స్ కిందే ఇస్తున్నా అని నువ్వు ఇచ్చే మాట అది. ఇంకెక్కడినుంచో కాపీ చేసిన ముక్క ఉన్నా, ఏఐ రాసినది ఉన్నా వాళ్ళ రూల్ ఏంటో చూసి ముందే చెప్పు. ఇంటర్న్‌షిప్ వాళ్ళిచ్చిన లాప్‌టాప్‌లో రాశావేమో, నీ కాంట్రాక్ట్‌లో ఆ కోడ్ ఎవరిదని ఉందో కూడా చదువు.

రివ్యూలో ఎవరైనా ఇది ఎందుకిలా అని అడిగితే తప్పు పట్టారని అనుకోకు, జవాబు ఇవ్వు, వాళ్ళ మాట కరెక్టయితే మార్చు, కాదనిపిస్తే కారణం రాయి. వారం దాకా ఎవరూ పలకకపోతే ఒకసారి మర్యాదగా గుర్తుచెయ్యి, రోజూ అడగొద్దు.

ఆదివారం లోపు ఆ బగ్ ఫిక్స్ ఒక్కటీ విడదీసి నాకు లింక్ పంపు, వాళ్ళకంటే ముందు నేను రివ్యూ చేస్తా.

అమ్మ