నాలుగు ఆటలాడిన సారు పోస్టు ఖాళీగా ఉంది

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా అమ్మాయి బడి నుంచి వస్తూనే "అమ్మా, ఈరోజు కూడా గేమ్స్ పీరియడ్‌లో లెక్కలే చెప్పినారు" అంది. తను ఎనిమిదో తరగతి, నేను చదువుకున్న జిల్లా పరిషత్ హైస్కూల్లోనే. మా పీఈటీ సారు (ఆటల సారు) 62 ఏళ్లు నిండి రిటైరయ్యాక ఆ పోస్టులోకి ఎవరూ రాలేదు. సిలబస్ టెన్షన్‌లో ఉన్న మిగతా టీచర్లు ఆ పీరియడ్‌ను తలా ఇంత పంచుకుంటున్నారు. వాళ్లను నేను తప్పుపట్టను, కానీ ఈ విషయం ఎవరో ఒకరు రాయాలి కదా.

సారు కడపలో డిగ్రీ చదివారు. కబడ్డీలో రైడర్, వాలీబాల్‌లో స్మాషర్, మైదానంలో 400 మీటర్ల పరుగు, ట్రిపుల్ జంప్, అన్నీ కాలేజీ తరఫున ఆడారు. తర్వాత వ్యాయామ విద్యలో బీపీఈడీ కోర్సు చేసి మా ఊరికి వచ్చారు. ఒక్క ఆటనే పట్టుకుని ఉంటే ఇంకా పైకి పోయేవారని ఆయనతో ఆడినవాళ్లు అంటారు. కావచ్చు. కానీ మాలాంటి పల్లె బడికి ఒక్క ఆటలో దిట్ట అయిన కోచ్ కంటే నాలుగు ఆటలాడిన సారే ఎక్కువ పనికొస్తారు, ఎందుకంటే ఆయన ఎదురుగా ఉన్న పిల్లను చూసి ఆమెకు తగిన ఆట వెతుకుతారు, తన ఆటకు పనికిరాదని చెట్టు కింద కూర్చోబెట్టరు.

నా సంగతే చెబుతాను. నేను లావుగా ఉండేదాన్ని, ఖోఖోలో ఎవరినీ అందుకోలేక రోజూ ఏడ్చేదాన్ని. ఒకరోజు సారు స్టోర్ రూములోంచి నాలుగు కేజీల షాట్‌పుట్ ఇనుప గుండు తెచ్చి నా చేతిలో పెట్టి "ఇది విసురు అమ్మీ" అన్నారు. విసిరాను, నా కాళ్ల దగ్గరే పడింది. "బలం చేతిలో లేదు, కాలిలో ఉంది, కింది నుంచి లెయ్యి" అని వారం రోజులు గుండు ముట్టుకోనివ్వకుండా ఉత్త కాళ్ల పనే చేయించారు. అది 2000వ సంవత్సరం, సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కరణం మల్లీశ్వరి 240 కేజీలు ఎత్తి కంచు పతకం గెలిచిన ఏడాది. ఆడపిల్లకు ఈ ఇనుప పనులేంటని మా నాయన కోప్పడితే సారు పేపర్లో వచ్చిన మల్లీశ్వరి ఫొటో పట్టుకుని మా ఇంటికే వచ్చి, మా అమ్మ పెట్టిన సంగటి తిని, ఒప్పించి వెళ్లారు. బడిపిల్లల ఎస్‌జీఎఫ్ పోటీల్లో జిల్లా దాకా పోయాను, అంతకు మించి పోలేదు. అయినా ఇప్పుడు ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో పదిమంది మగవాళ్ల మధ్య నిలబడి లెక్కలు చూసే ధైర్యం నాకు ఆ గుండు దగ్గరే వచ్చింది.

పొద్దున ఐదున్నరకే సారు సున్నంతో గీతలు గీస్తూ కనిపించేవారు. పరుగుకు వచ్చే పిల్లకాయలకు నానబెట్టిన చెనిక్కాయలు, బెల్లం ఆయన జీతంలోంచే. వాన పడితే వరండాలో కూర్చోబెట్టి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టును నాలుగో స్థానం దాకా, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారం దాకా నడిపించిన హైదరాబాద్ రహీం సాహెబ్ కూడా ఒకప్పుడు బడిపంతులేనని చెప్పేవారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారేది.

2025 మహిళల క్రికెట్ వరల్డ్ కప్‌లో 14 వికెట్లు తీసిన మన శ్రీచరణి వీరపునాయునిపల్లె మండలం అమ్మాయి. ఆమె కూడా ముందు ఖోఖో, బ్యాడ్మింటన్, పరుగు పందేలు ఆడి, క్రికెట్‌ను గట్టిగా పట్టుకున్నది పదహారేళ్లు వచ్చాకే. ఆమె గెలిచిన రోజు జిల్లా అంతా టపాసులు కాల్చాం. అదే జిల్లాలో ఖోఖో ఆడించే మనిషి లేని బడి ఉందంటే నాకు నిద్ర పట్టడం లేదు.

2009 విద్యాహక్కు చట్టంలోనే ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని, ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమంది దాటితే వ్యాయామ విద్యకు కనీసం పార్ట్‌టైమ్ బోధకులైనా ఉండాలని రాసి ఉంది. మా బడికి స్థలం ఉంది, మనిషే లేరు. కాబట్టి అధికారులు ఆ పోస్టు నింపాలి, అంతదాకా గేమ్స్ పీరియడ్‌లో పిల్లల్ని బయటికి వదలాలి.

ఇంకొక్క మాట. సారు ఊళ్లోనే ఉన్నారు. రిటైరైన మనిషి బడి గ్రౌండ్‌లోకి వస్తే ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదని ఎవరో అభ్యంతరం చెప్పారట, అందుకే ఇప్పుడు చెరువు కట్ట కింద రాళ్లు ఏరి పన్నెండు మంది పిల్లల్ని ఉరికిస్తున్నారు. పైసా అడగడం లేదు. పొద్దున రెండు గంటలు గేటు తాళం ఆయన చేతికివ్వడానికి ఒక్క కాగితం మీద అనుమతి కావాలి. నేను విసిరిన గుండు ఇంకా ఆ స్టోర్ రూములోనే ఉందని మా అమ్మాయి చెప్పింది.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థిని,
ప్రొద్దుటూరు, కడప జిల్లా